అరచేయి అడ్డం పెట్టినా ఆగని చదువు: ఒకటో తరగతి సీటు కోసం వచ్చిన ఒక పాప కేసు

వచ్చిన కారణం

2024 జనవరి చివరి వారంలో, సాయంత్రం బడులు వదిలే వేళకు, ఆరేళ్ల అయిదు నెలల పాపను వెంటబెట్టుకొని తల్లిదండ్రులిద్దరూ కడప ఎర్రముక్కపల్లిలో నేను పిల్లలకు చదవడం నేర్పే గదికి వచ్చారు. పదకొండేళ్లు ప్రాథమిక బడిలో పాఠాలు చెప్పి, ఆ తరువాత నుంచి చదవడం పట్టుబడని పిల్లలతోనే పనిచేస్తున్నాను. ఏటా జనవరి నుంచి మార్చి వరకు నా గడప తొక్కేవారిలో ఎక్కువ మంది వచ్చేది చదువు కోసం కాదు, సీటు కోసం. ఈ కుటుంబమూ అలాగే వచ్చింది. వారి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు, బడి వివరాలు ఇక్కడ అవసరం లేవు కనుక వదిలేశాను.

తండ్రికి బోరు మోటార్లకు వైండింగ్ కట్టే దుకాణం ఉంది. చెన్నూరు, వల్లూరు వైపు రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి ఇస్తుంటారు. ఆయన పదో తరగతి వరకు, తల్లి తెలుగు మీడియంలో డిగ్రీ వరకు చదివారు. ఇంట్లో అవ్వ ఉంది. పాపకు రాత్రిపూట కథలు చెప్పేదీ, ఓనమాలు దిద్దించిందీ ఆవిడే అన్న సంగతి మొదటి రోజు ఎవరూ నాకు చెప్పలేదు. అది చెప్పదగిన విషయమని వారికి తోచలేదు.

పాప వీధి చివర ఉన్న చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో యూకేజీ చదువుతోంది. జూన్‌లో ఒకటో తరగతికి ఊళ్లో పేరున్న ఒక ప్రైవేటు బడికి మార్చాలని దరఖాస్తు ఇస్తే, ఆ బడివారు 'ఇంటరాక్షన్' అని పిలిచి, తల్లిదండ్రులను పది నిమిషాలు ప్రశ్నలడిగి, పాప చేతికి ఒక ఇంగ్లీషు పేజీ ఇచ్చి చదవమన్నారు. పాప పేజీ వంక చూసి, తల్లి వంక చూసి, కాసేపటికి తన పాత పుస్తకంలోని పాఠం ఒకటి అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఆ పేజీలో ఉన్నది ఆ పాఠం కాదు. "రీడింగ్ లెవెల్ లేదు, యూకేజీ ఇంకో ఏడాది చదివించండి" అని చెప్పి పంపేశారు.

"ఇంట్లో పుస్తకమంతా గడగడా చదువుతాది మేడమ్. అక్కడ కొత్త మనుషులను చూసి బెదిరింది, అంతే" అన్నారు తండ్రి. తల్లి అప్పుడేమీ అనలేదు. ఆయన బండి తీయడానికి బయటికి వెళ్లాక మాత్రం గొంతు తగ్గించి, "నాకు ముందు నుంచీ అనుమానమే మేడమ్. పేజీ తిప్పకముందే అవతలి పేజీలో మాట చెప్పేస్తాది" అన్నారు. నాకు ఈ కేసులో మొదటి ఆధారం ఆ వాక్యమే.

పరీక్షలో తేలింది

మరునాడు పాప తన ఇంగ్లీషు వాచకం తెచ్చుకుంది. తనకు ఇష్టమైన పాఠం తీసి చదవమన్నాను. ఎనిమిది చిన్న వాక్యాలను ఇరవై సెకన్లలో, ఒక్క తప్పు లేకుండా, వేలు పెట్టి మరీ చదివింది. వేలు మాత్రం నోటి కంటే ఒక వాక్యం వెనుక ఉంది. మళ్లీ చదవమని, మూడో వాక్యం దగ్గరకు రాగానే నా అరచేయిని పేజీ మీద అడ్డంగా పెట్టాను. పాప నా వంక చూసి నవ్వి, ఆపకుండా చివరి వాక్యం వరకు చదివేసింది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న తండ్రి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

దీన్ని దొంగతనంగానో మందబుద్ధిగానో చూడకూడదని ఆయనకు ఆ రోజే చెప్పాను. వినగానే పేజీలకు పేజీలు పట్టేసుకునే జ్ఞాపకశక్తి ఉన్న పిల్ల, చదవమన్నప్పుడల్లా ఆ శక్తినే వాడింది. అప్పజెప్తే టీచరు 'గుడ్' అని డైరీలో రాశారు. పాప తనను అడిగిన పనే చేసింది, కాకపోతే అడిగినవారు దానికి పెట్టిన పేరు తప్పు.

తరువాతి రెండు రోజుల్లో చేసిన పరీక్షల సారాంశం ఇది. ప్రథమ్ సంస్థ, పిల్లలు ఎంతవరకు చదవగలరో చూసే అసర్ సర్వేల్లో వాడుతున్న పద్ధతిలో ఇంగ్లీషుకు నాలుగు మెట్లు ఉంటాయి: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, తేలిక పదాలు, తేలిక వాక్యాలు. అయిదు నిమిషాల్లో పిల్ల ఎక్కడ ఆగిందో తేలిపోతుంది కనుక నేను ఎప్పుడూ ఆ నిచ్చెనతోనే మొదలుపెడతాను. ఈ పాపకు పెద్ద అక్షరాల పేర్లన్నీ వచ్చు. చిన్న అక్షరాల్లో బీ, డీ, పీ, క్యూ తారుమారయ్యేవి. అక్షరం పేరు కాక దాని పలుకు అడిగితే 26లో తొమ్మిదింటికే చెప్పగలిగింది. మూడక్షరాల పదాలు 20 ఇస్తే రెండు చదివింది, ఆ రెండూ బొమ్మల చార్టులో రోజూ చూసేవే. 'మిప్', 'గెబ్', 'లన్' వంటి అర్థం లేని పదాలు పది ఇస్తే ఒక్కటీ చదవలేకపోయింది. కంఠస్థం చేయడానికి వీల్లేని పదాలు కనుక నేను వీటి మీదే ఎక్కువ ఆధారపడతాను.

తెలుగులో పరిస్థితి వేరు. వర్ణమాల, సగం గుణింతాలు, 'వల', 'తల', 'గాలిపటం' వంటి పదాలు కూడబలుక్కుంటూ నిజంగానే చదివింది. అరచేయి అడ్డం పెడితే ఆగింది. అవ్వ చెప్పిన కాకి కథను నాకు తిరిగి చెప్పమంటే పది నిమిషాలు, మధ్యలో కాకి గొంతుతో సహా, చెప్పింది. పిల్లకు భాష లేకపోవడం సమస్య కాదని అక్కడ స్థిరపడింది. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చదివి అర్థం చేసుకోవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాలను మాటగా మార్చుకునే శక్తి, ఆ మాటను భాషగా గ్రహించే శక్తి, ఈ రెంటి లబ్ధం. ఒకటి సున్నా అయితే రెండోది ఎంత పెద్దదైనా ఫలితం సున్నాయే. పాపకు ఇంగ్లీషులో మొదటిది దాదాపు సున్నా, రెండోది 'సిట్ డౌన్', 'మే ఐ గో టు టాయిలెట్' దగ్గర ఆగింది.

చూపు, వినికిడి పరీక్షలు చేయించి రమ్మన్నాను. రెండూ బాగున్నాయి. బంధువుల్లో ఎవరో 'డిస్లెక్సియా' (అక్షరాలు చదవడమే కష్టమయ్యే వైకల్యం) అన్న మాట తల్లి చెవిన వేశారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో అభ్యసన వైకల్యాలు ఉన్నాయన్నది నిజమే కానీ, ధ్రువీకరణ ఎనిమిదేళ్లు నిండాకే చేస్తారు. అంతకంటే ముఖ్యంగా, పలుకులు ఎవరూ నేర్పని పిల్లకు పలుకులు రావడం లేదని రోగం పేరు పెట్టడం న్యాయం కాదు. నేర్పి చూసి, అప్పటికీ రాకపోతే ఆలోచిద్దామని చెప్పాను.

అసలు ఆ బడివారు అడిగింది ఏ స్థాయిదో కూడా ఇక్కడ చెప్పాలి. తల్లి జ్ఞాపకాన్ని బట్టి ఆ పేజీలో ఆరేడు వాక్యాలు, వాక్యానికి ఎనిమిది తొమ్మిది పదాలు ఉన్నాయి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడేలా చూడాలని 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం, ఒకటో తరగతికి ముందు ఏడాది ముగిసేనాటికి పిల్లలు అక్షరాలను, వాటి పలుకులను గుర్తించి, రెండు మూడు అక్షరాల పదాలు చదవగలగాలి. ఒకటో తరగతి ముగిసేనాటికి నాలుగైదు తేలిక పదాల చిన్న వాక్యాలు, రెండో తరగతి ముగిసేనాటికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు. అంటే ఆ బడివారు ఒకటో తరగతి గుమ్మంలో పెట్టిన పరీక్ష రెండో తరగతి పరీక్ష. దాన్ని దాటివచ్చిన పిల్లకు వాళ్లు ఒకటో తరగతిలో ఏం నేర్పుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయితే పాప ముందు మెట్టు కూడా ఎక్కలేదన్నది అంతే నిజం. కనుక బడిది తప్పని తేలినంత మాత్రాన మన పని తగ్గదని తండ్రికి రెండు విషయాలూ ఒకేసారి చెప్పవలసి వచ్చింది.

చేసిన పని

ఫిబ్రవరి మొదటి వారం నుంచి 14 వారాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకు 40 నిమిషాలు అనుకున్నాం. జ్వరాలు, దేవుని కడప బ్రహ్మోత్సవాలు, ఒక పెళ్లి పోగా 49 రోజులు కూర్చున్నాం.

మొదటి అడ్డంకి ఇంగ్లీషులో కాక తెలుగులో ఉంది. 'కమల' అంటే పాప మూడు చప్పట్లు కొట్టగలదు. 'కమల'లో మొట్టమొదట వినపడే చప్పుడు ఏదంటే 'క' అంటుంది. 'క'లో రెండు చప్పుళ్లు ఉన్నాయన్న ఊహ ఆమెకు లేదు, ఉండవలసిన అవసరమూ ఇంతవరకు రాలేదు, ఎందుకంటే మన లిపిలో అచ్చు హల్లులోనే ఒదిగి ఉంటుంది, అక్షరం పేరూ పలుకూ ఒకటే. ఇంగ్లీషులో బీ అనే అక్షరం పేరు 'బీ', పలుకు 'బ్'. పాప దాన్ని 'బ' అనుకుంటుంది. అలా 'బ్యాట్' అన్న పదాన్ని కూడబలికితే 'బ', 'ఏ', 'ట' అని మూడు ముక్కలు వస్తాయి, అవి ఎన్నిసార్లు కలిపినా 'బ్యాట్' కావు. పైగా మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కనుక ఇంట్లో పాప విన్నదంతా బస్సు, కప్పు, పెన్ను. 'బస్సు'లో చివరి చప్పుడేమిటంటే 'సు' అని చెప్పడం ఆమె తప్పు కాదు.

ఇంగ్లీషు అక్షరాల పలుకులు నేర్పే ఫోనిక్స్ పుస్తకాలు చాలావరకు ఈ అడ్డంకిని పట్టించుకోవు, అవి ఎక్కువగా ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న పిల్లల కోసం రాసినవి. నేను పొల్లుతో మొదలుపెట్టాను. పలక మీద 'క' రాసి, పలికించి, దాని పక్కన 'క్' రాశాను. పాప రెండింటినీ చాలాసేపు చూసి, "తలకట్టు పోయి పిలక వచ్చింది" అంది. ఆ రోజు నుంచి మా గదిలో అవి 'పిలక అక్షరాలు'. పిలక ఉంటే నోట్లోంచి 'అ' బయటికి రాకూడదన్నది నియమం. వారం రోజులు ఇంగ్లీషు జోలికే పోకుండా క్, ప్, ట్, మ్, న్, స్ అని పలికి, వాటికి అచ్చులు తగిలించి గుణింతం మళ్లీ కట్టాం. ఆ తరువాత ఇంగ్లీషు అక్షరాల అట్టలు పరిచి, ఇవన్నీ పుట్టుకతోనే పిలక ఉన్న అక్షరాలని చెప్పాను. పాపకు అది వెంటనే ఎక్కింది. మూడు వారాల్లో హల్లుల పలుకులు దాదాపు అన్నీ వచ్చాయి.

ఇక్కడ నా వల్ల జరిగిన ఒక పొరపాటు రాయాలి. హల్లులకు తెలుగు సాయం బాగా పనిచేయడం చూసి, ఉత్సాహం కొద్దీ పదాలు మొత్తం తెలుగు లిపిలో రాసి చూపించాను. 'క్యాట్' అని రాసి, ఇంగ్లీషు అక్షరాలతో పేర్చమంటే పాప కే, వై, ఏ, టీ అట్టలు వరుసగా పెట్టింది. తెలుగులో ఉన్న య-వత్తును నిజాయితీగా ఇంగ్లీషులోకి తెచ్చింది. 'ఆపిల్'ను 'యాపిల్' అనే మన ఉచ్చారణ దానికి తోడైంది. ఆ అలవాటు మాన్పించడానికి రెండు వారాలు పట్టింది. అచ్చులకు తెలుగు అక్షరం చూపడం పూర్తిగా మానేసి, చేతి అద్దం ఇచ్చి, ఏ అక్షరానికి నోరు ఎంత తెరుచుకుంటుందో చూసుకోమన్నాను. యూ అనే అక్షరం పేరు 'యూ', కానీ 'కప్', 'నట్'లలో దాని పలుకు 'అ' అన్నప్పుడు పాప, "మరి ఆ పేరు ఎందుకు పెట్టినారు?" అని అడిగింది. సమాధానం లేదు కనుక లేదనే చెప్పాను.

పదాల కోసం నేను పుస్తకాల దగ్గరికి పోలేదు. ఇంట్లో వాడే ఇంగ్లీషు మాటలు రాసి తెమ్మని తల్లికి చెబితే పాపను పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క సాయంత్రంలో నలభై రాశారు. దుకాణం మాటలు తండ్రి చేర్చారు: నట్టు, పిన్ను, రాడ్డు, సెట్టు, ట్యాపు, కట్టింగ్. వీటిలో మూడక్షరాలకు కుదిరేవాటిని ఏరి, చివరి 'ఉ'ను కోసేసి, నట్, పిన్, రాడ్, సెట్, ట్యాప్ అని అట్టల మీద రాశాం. పాపకు వీటి అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. నట్టు ఏదో ఆమె చేత్తో పట్టుకుని చూసింది. ఒకరోజు తండ్రి జేబులోంచి నిజమైన నట్టు తీసి ఆ అట్ట మీద పెట్టారు. అప్పటి దాకా ఇంగ్లీషు అంటే తనకు సంబంధం లేని విషయంగా వరండాలో కూర్చునే మనిషి, ఆ రోజు నుంచి దుకాణం మూశాక రాత్రి పది నిమిషాలు అట్టలు పట్టుకోవడం మొదలుపెట్టారు. నా 40 నిమిషాల కంటే ఆ పది నిమిషాలే ఎక్కువ పనిచేశాయని నేను అనుకుంటున్నాను.

'ద', 'సెడ్', 'వాజ్' వంటి, కూడబలుక్కుంటే రాని మాటలను వారానికి మూడు చొప్పున చూపుతో గుర్తుపట్టించాను. ఇందులో పాప పాత జ్ఞాపకశక్తి అక్కరకు వచ్చింది. ఏప్రిల్ నుంచి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరికే ప్రథమ్ బుక్స్ మొదటి స్థాయి కథలు చదివించాను. ప్రతి కథనూ ముందు తెలుగులో మాట్లాడుకుని, ఆ తరువాతే ఇంగ్లీషులో చదివేవాళ్లం.

వరండాలో మాటలు

పిల్లలు లోపల ఉన్నంతసేపు పెద్దలు వరండాలో చాప మీద కూర్చుంటారు. మార్చి నెలంతా అక్కడ సీట్ల చర్చే. ఒకావిడ తన కొడుకు 'లెవెల్ ఫైవ్' చదువుతున్నాడని చెబితే, ఈ పాప తల్లి ఆ రాత్రి నిద్రపోలేదు. మరునాడు నాకు ఫోన్ చేసి మన పాపది ఏ లెవెల్ అని అడిగారు. ఏ పుస్తకాల లెవెల్ అని తిరిగి అడిగాను. ఒక్కో ప్రచురణ సంస్థ తన పుస్తకాలకు తాను అంకెలు వేసుకుంటుంది. స్టోరీవీవర్‌లో మొత్తం స్థాయిలే నాలుగు. పుస్తకం పేరు లేని లెవెల్, ఊరి పేరు లేని కిలోమీటరు రాయి లాంటిది. ఆవిడ కొడుకును ఒకరోజు పిలిచి అదే పుస్తకంలోని ఒక పేజీ చదివించాను. బాగా చదివాడు. ఏం జరిగిందో చెప్పమంటే ఒక్క ముక్క చెప్పలేదు. ఆ సంగతి వరండాలో చెప్పలేదు, ఆ బాబు తల్లిని విడిగా పిలిచి చెప్పాను.

పాప మేనమామ మాత్రం బడికి 'బిల్డింగ్ ఫండ్' కింద ఎంతో కొంత కట్టేస్తే సీటు వస్తుందని, ఈ అట్టలూ పలకలూ దండగని వాదించాడు. ఆయన కొడుకు అదే బడిలో చదువుతున్నాడు కనుక ఇంట్లో ఆయన మాటకు బలం ఎక్కువ.

సీటు సంగతి

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం ప్రవేశానికి క్యాపిటేషన్ ఫీజు (బడి ప్రకటించిన ఫీజు కాక అదనంగా తీసుకునే సొమ్ము) వసూలు చేయకూడదు, పిల్లలనూ తల్లిదండ్రులనూ పరీక్షించి ఏరుకోకూడదు. పరీక్షిస్తే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆ తరువాత ప్రతిసారీ 50,000 రూపాయల వరకు జరిమానా. క్యాపిటేషన్ ఫీజు తీసుకుంటే దానికి పది రెట్ల వరకు. ఆరేళ్లు నిండిన ఈ పాపకు ఇందులో సందేహానికి తావే లేదు. ఇది తెలిశాక కూడా తండ్రి ఫిర్యాదు చేయనన్నారు. రేపు ఆ బడికే పిల్లను పంపాలి కదా అన్నది ఆయన మాట. దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇచ్చే నిబంధన రాష్ట్రంలో 2022-23 నుంచి అమలవుతోందని చెబితే, ఆ సీటులో చేరిన పిల్లను తక్కువగా చూస్తారేమోనని దాని జోలికీ వెళ్లలేదు.

చివరకు ఆయన చేసిన పని చిన్నది. మార్చి నెలాఖరులో బడి ఆఫీసుకు వెళ్లి, "సీటు ఎందుకు ఇవ్వడం లేదో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి సార్" అని అడిగారు. ప్రిన్సిపాల్ గారు లేరు, తరువాత రమ్మన్నారు. పది రోజులకు ఆఫీసు నుంచే ఫోన్ వచ్చింది, ఒకటో తరగతిలోనే సీటు ఇస్తామని. కాగితం అడగడమే పనిచేసిందా, సీట్లు మిగిలిపోయాయా అంటే, రెండోదే కావచ్చునని నా అనుమానం. ఏప్రిల్ వచ్చేసరికి అన్ని బడులవాళ్లూ కరపత్రాలు పట్టుకుని వీధుల్లో తిరుగుతుంటారు.

ఇల్లు దగ్గర, సెక్షన్‌లో పిల్లలు తక్కువ అన్న కారణాలతో పాత బడిలోనే ఒకటో తరగతి చదివించి, అట్టల పని కొనసాగిద్దామని నేను సలహా ఇచ్చాను. వారు వినలేదు. పెద్ద బడిలోనే చేర్చారు. సలహా చెప్పడం వరకే నా వంతు.

మే రెండో వారంలో తుది పరీక్ష చేశాను. అక్షరాల పలుకులు 26లో 24. మూడక్షరాల పదాలు 20లో 17. అర్థం లేని పదాలు పదిలో ఏడు. మొదటి స్థాయి కథలో పేజీకి ఒకటి రెండు తప్పులు. బీ, డీ తడబాటు అలసిపోయినప్పుడు ఇంకా వస్తోంది. దీర్ఘాచ్చుల పని మొదలే పెట్టలేదు. ఇంగ్లీషులో విని అర్థం చేసుకోవడం కొద్దిగానే పెరిగింది. అందుకు 14 వారాలు చాలవు.

సెప్టెంబరులో

త్రైమాసిక పరీక్షలకు ముందు తల్లి పాపను తీసుకుని మళ్లీ వచ్చారు. డైరీలో క్లాస్ టీచరు 'రీడ్స్ స్లోలీ' అని రాశారు. "ముందు గడగడా చదివేది మేడమ్. ఇంత కష్టపడి నేర్పినాక ఇప్పుడు నిదానమైపోయింది. ఇదేంది?" అని అడిగారు. ఆ ప్రశ్న నేను ఎదురుచూసినదే.

పాప చూడని మొదటి స్థాయి కథ ఒకటి తీసి ముందు పెట్టి, గడియారం చూసుకున్నాను. నిమిషానికి 26 పదాలు చదివింది. వేలు, నోరు ఒకే చోట ఉన్నాయి. 'పాండ్' దగ్గర ఆగి, ప్, న్, డ్ అని పెదవులు కదిపి, కలుపుకుని, ముందుకు వెళ్లింది. నాలుగో వాక్యం దగ్గర నేను అరచేయిని పేజీ మీద అడ్డంగా పెట్టాను.

పాప ఆగిపోయింది. "చెయ్యి తీయండి మేడమ్, కనపడలే" అంది.